వాచిన చేయి

"ఇయ్యి ఈడ. ఆ చేత్తో కడవ మోస్తాండావేందీ?"

శివమ్మ కోడలి చంకన ఉన్న నీళ్ల కడవ లాక్కుంది. ఆళ్లగడ్డ వీధిలో నలుగురు ఆడవాళ్ల ముందు అత్త అలా అనడం ఉమామహేశ్వరమ్మకు చెంప మీద కొట్టినట్టయింది.

అంతకు ముందు వేసవిలో వేలూరు ఆసుపత్రిలో ఆమె కుడి రొమ్ములో కంతి ఉందని రొమ్మే తీసేశారు. చంకలో బిళ్ల కట్టే గ్రంథులు కూడా తీశారు. ఇక ఆ చేయి తేలిగ్గా వాస్తుందని, దాంతో బరువులెత్తవద్దని, బిగుతు గాజులు వేయవద్దని, గీరుకోకుండా చూసుకోమని, పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తి పెట్టుకోమని చెప్పి పంపారు. కొన్నాళ్లు పాటించింది. 'ఇంక ఈమె దేనికి పనికొస్తాది' అని ఎవరో అన్న మాట చెవిన పడ్డాక దిండు తీసేసింది. గాజులు తొడుక్కుని పత్తి తీయడానికి చేనికి పోయింది. ఎండు కాయ గీరుకుని చేయి మోచేతి పైదాకా ఉబ్బింది. గాజులు చిట్లగొట్టి తీయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం అరుగు మీద శివమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

"కోసేటప్పుడు నొప్పి తెలిసిందా?"

"మత్తిచ్చినారు గదా అత్తా."

"లేచినాక? శానా నొచ్చిందా?"

"నొచ్చింది."

"ఆ చెయ్యి ఇట్లే ఉంటాదా, బతికినంత కాలం?"

నంద్యాల డాక్టరమ్మ దానమ్మ మొన్ననే చేయి చూసింది. వేళ్ల నుంచి పైకి గుడ్డపట్టీ చుట్టి, "పూర్తిగా పోకపోయినా బాగా తగ్గుతుంది. కంతి మళ్లీ వచ్చిన జాడ లేదు, భయపడొద్దు" అంది. ఆ మాట ఉమ నోటిదాకా వచ్చింది. కానీ పొద్దుటి అవమానం ఇంకా మండుతోంది.

"ఇట్లే ఉంటాది. కోయించుకోకుండా ఆ కంతితోనే పోయింటే మేలు."

శివమ్మ చాలాసేపు కోడలి చేతి వైపే చూసింది. "అట్లనా" అని లేచి లోపలికి పోయింది. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఉమ నంద్యాలలోని పుట్టింటికి పోయింది. రోజూ పట్టీ, రాత్రి దిండు, గోడ మీద వేళ్లు పాకిస్తూ చేయి పైకెత్తడం. పంట ఇంటికొచ్చే వేళకు వాపు చాలావరకు తీసింది. రవికె చేయి మళ్లీ పట్టింది. ముందుగా అత్తకే చూపించాలనుకుంది.

గుమ్మంలోనే భర్త చెన్నకేశవులు ఎదురొచ్చాడు. "అమ్మకు బాగలేదు. ఆస్పత్రికి పోదాం రామ్మా అంటే వినదు."

శివమ్మ మంచంలో పుల్లలా ఉంది. కోడలి చేయి తడిమి చూసింది.

"తగ్గిందే!"

"తగ్గుతాదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది అత్తా. కోపంలో నీకట్ల చెప్పినా."

శివమ్మ కళ్లు మూసుకుంది. "అప్పుడే చెప్పింటే బాగుండు పాపా."

చెమటకు తడిసిన అత్త రవికె మార్చబోతే ఆమె కొంగు గుండెల మీద బిగించి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు. ఉమ మెల్లగా కొంగు తొలగించింది.

అత్త రొమ్ము మీద కంతి పుండై పగిలి ఉంది.