పావు తక్కువ రెండు గ్లాసులు

ఫోను మోగగానే లీలాకుమారి పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తింది.

డబ్బింగ్ పిలుపేమో అనుకుంది. కాదు.

"అమ్మా, కేకు చేస్తున్నానండి. అరకిలో తేనె పొయ్యమని పత్రికలో రాశారు. ఇంట్లో తక్కెడ లేదు. గ్లాసుతో అయితే ఎంతండీ?"

ఎవరో పెద్దాయన. రాంగ్ నంబరు.

"నన్నడిగితే ఎలాగండీ?" అంటూనే చెప్పింది. "కిలో అంటే లీటరేగా. రెండున్నర గ్లాసులు పొయ్యండి."

"ఇంకోసారి చెప్పండమ్మా."

చెప్పింది. ఈలోగా పాలన్నీ పొంగి పొయ్యి పాలయ్యాయి.

ఒకప్పుడు మద్రాసులో హీరోయిన్లందరికీ ఆవిడ గొంతే దిక్కు. పరిశ్రమతో పాటే మూటాముల్లె సర్దుకుని ఫిల్మ్‌నగర్‌ వచ్చిపడింది. లీలాకుమారి గొంతు జీరబోయిందని ఎవరో పుణ్యాత్ముడు పుకారు పుట్టించాడు. అంతే, పిలిచేవాళ్లు కరువయ్యారు. అద్దె గదిలో ఆవిడా, ఫోనూ మిగిలారు. కొన్ని రోజులైతే నోరు విప్పే పనే ఉండేది కాదు.

మళ్లీ ఆదివారం అదే గొంతు.

"కేకు కూలబడిందమ్మా. తేనె ఎక్కువైనట్టుంది."

ఆవిడకి పౌరుషం వచ్చింది. వీధి చివర కిరాణా కొట్టుకెళ్లి తక్కెడ అడిగింది.

"తక్కెడతోని మీకేం పనమ్మా?" అన్నాడు కొట్టు బాలనర్సయ్య.

"తేనె తూచాలి. సాయంత్రానికి ఇచ్చేస్తాలే."

తూచాక తెలిసింది, తేనె నీళ్లలాంటిది కాదని. అదే గ్లాసు, తేనె పోస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు తూగింది.

పై ఆదివారం ఫోను పక్కనే కాచుకుని కూర్చుంది.

"తేనె బరువండీ. అరకిలో అంటే పావు తక్కువ రెండు గ్లాసులు."

"ఇంకోసారి చెప్పండమ్మా."

ఈసారి డైలాగు చెప్పినట్టు మాట మాటా విడమరిచి చెప్పింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

అలా వారం వారం ఏదో ఒక కొలత అడిగేవాడు.

"కాస్త బుజ్జగిస్తున్నట్టు చెప్పండమ్మా, అలా అయితే గుర్తుంటుంది," అన్నాడోసారి. ఆవిడ పడీపడీ నవ్వింది.

ఇంతలో ఎవరో పెద్ద డైరెక్టరు తల్లి పాత్రకి గొంతు వెతుకుతున్నాడని తెలిసింది. లీలాకుమారి ఫోను దగ్గర్నుంచి కదల్లేదు.

మోగింది.

"అమ్మా, పావుకిలో తేనె..."

"మీకేం పనీ పాటా లేదా? మీ మూలంగా నాకు రావలసిన ఫోను రాకుండా పోతోంది. ఇంకెప్పుడూ చెయ్యకండి!"

"ఓకే అమ్మా," అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఆదివారాలు బోసిపోయాయి. ఒకనాడు ఆవిడే ఫోనెత్తి, "పావు తక్కువ రెండు గ్లాసులు" అని ఉత్త ఫోనుకే చెప్పి, సిగ్గుపడి పెట్టేసింది.

చివరికి డబ్బింగ్ పిలుపు రానే వచ్చింది. తల్లి పాత్రే. చెప్పడం పూర్తయ్యాక, అద్దం వెనక నుంచి కొత్త రికార్డిస్టు త్రినాథరావు బయటికొచ్చాడు.

"బసవపున్నయ్య గారేరండీ?" అడిగింది. "మద్రాసు నుంచీ నా గొంతు పట్టింది ఆయనే. ఎప్పుడూ అద్దం వెనకే. ఆ స్పీకరు డబ్బాలోంచి 'ఇంకోసారి', 'ఓకే' అనే రెండు ముక్కలు తప్ప ఆయన మాట విన్నదే లేదు."

"కిందటి నెల పోయారండీ."

"అయ్యో!"

"మీ గొంతు పోయిందని డైరెక్టరు గారు మొదట ఒప్పుకోలేదండీ. గురువుగారే రాంగ్ నంబరులా ఫోను చేసి మీ చేత మాట్లాడించి, టేపు పట్టి వినిపించారు. ముందే చెబితే మీరు ఆశ పెట్టుకుంటారని దాచారు. చివర్లో మీరు కసిరిన కసురు విని డైరెక్టరు గారు అక్కడికక్కడే సరేనన్నారు."

లీలాకుమారి అద్దం వైపు తిరిగింది.

"మరి... ఆ కేకు?"

"కేకేంటండీ? గురువుగారికి షుగరు. ఆ ఇంట్లో తేనె సీసాయే ఉండేది కాదు."