సీజను ముందు పరీక్ష

"గొడుగు, ఉప్పు, నిచ్చెన, గుర్రం, కిటికీ" అని చదివింది మా రగ్బీ జట్టు డాక్టరు హెస్టర్. "ఇప్పుడు నువ్వు చెప్పు, జాగో."

సీజను ముందు ఇంగ్లండులో మా అందరికీ ఈ పరీక్ష తప్పదు. మ్యాచిలో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ ఇదే పెడతారు. ఇప్పటికంటే మార్కులు తగ్గితే ఆడనివ్వరు. అందుకే మేం ముందే కావాలని తప్పులు చెబుతాం. ఆ విద్యలో జాగోది అందె వేసిన చెయ్యి.

"గొడుగు... ఉప్పు..." అని ఆగిపోయాడు. నలిగి ముద్దైన చెవిని గోక్కున్నాడు.

గుమ్మంలో నా వంతు కోసం నిలబడ్డ నాకు నవ్వాగలేదు. "మరీ ఓవరాక్షన్ చెయ్యకురా, ఆవిడ నమ్మదు!"

"ఏటా ఇదే వేషం. పోయినేడూ ఇన్నే మార్కులు" అని హెస్టర్ విసుక్కుంది. "పో, ఆడుకో."

బయటికొస్తూ జాగో నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఉప్పు తర్వాత ఏంట్రా?"

"చాల్లే, ఇంక ఆపు."

"ఈసారి కావాలని తప్పు చెప్పలేదురా. బిడ్డ పుట్టబోతోంది కదా, తల ఎలా ఉందో చూసుకుందామని ఒళ్ళు దగ్గర పెట్టుకునే కూర్చున్నా."

ఏళ్ళ తరబడి వాడి తలకు తల ఆనించి ఎదుటి జట్టును తోసినవాణ్ణి నేను. "నిచ్చెన" అని అందించాను.

"ఆ తర్వాత?"

చెబుదామని నోరు తెరిచాను. నాకూ రాలేదు.