ఊరికే వెలిగే బల్బు

“మనిషితో పనిలేని మిషన్ అన్నారు. మరి ఈ పెడల్స్ ఎందుకు మామయ్యా?” అడిగాడు రవికిరణ్.

“బ్యాలెన్స్‌కి,” అన్నాడు జనార్ధనరావు, స్పానర్ పక్కన పెడుతూ.

“సీటు కూడా బాగా కిందకి దించేశారు?”

“బరువు కిందుంటే తిరగడం నిలకడగా ఉంటుంది అల్లుడుగారూ.”

గరాజ్ గుమ్మంలో చేతికర్ర ఆనుకుని నిలబడ్డ ఆయన భార్య శకుంతలకి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి! శక్తిని కొత్తగా పుట్టించలేమని పిల్లలందరిచేతా వల్లె వేయించిన మనిషి! ఇప్పుడు యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన వీడియో చూసి, దేశంకాని దేశంలో, టకానినిలో కూతురింట్లో కూర్చుని, ఊరికే కరెంటు తీస్తానంటున్నాడు.

ఆ పెడల్స్ ఉన్న వ్యాయామపు సైకిల్ నిజానికి ఆమె కోసం కొన్నది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్ట్ అమృత మరీ మరీ చెప్పింది: “రోజూ తొక్కాలి ఆంటీ. లేకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. మళ్ళీ ఆస్పత్రిలో మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది.” మొదటిరోజు సగం చుట్టుకే ప్రాణం పోయినంత పనైంది. దిగిపోయిన శకుంతల మళ్ళీ దాని మొహం చూడలేదు. కూతురు నిరుపమ బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది. “నా కాలు, నా ఇష్టం,” అంది శకుంతల.

పడి ఉన్న సైకిలే కదా అని జనార్ధనరావు దాన్ని గరాజ్‌లోకి లాక్కెళ్ళాడు. దానికి ఒక డైనమో, ఒక బ్యాటరీ, ఒక మోటారు తగిలించాడు. చక్రం డైనమోని తిప్పుతుంది, డైనమో బ్యాటరీని నింపుతుంది, బ్యాటరీతో మోటారు నడిచి మళ్ళీ చక్రాన్నే తిప్పుతుంది.

“ఒక్కసారి చేత్తో తిప్పి వదిలితే చాలు. మిగిలిన కరెంటుతో హాల్లో బల్బు!”

రవికిరణ్ నొప్పించకుండా చెప్పాలని చూశాడు. “ఇంటికప్పు నిండా సోలార్ ప్యానెల్స్ పెట్టుకున్నాం మామయ్యా. ఇక్కడ జూన్ అంటే చలికాలం, ఈ మబ్బులకి అవి ఇల్లు వెచ్చబెట్టే హీట్‌పంప్‌కే చాలట్లేదు. సాయంత్రమైతే గ్రిడ్ కరెంటే దిక్కు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఖర్చవకుండా...”

“భోజనాలప్పుడు చూడండి,” అన్నాడు జనార్ధనరావు.

భోజనాలప్పుడు బల్బు మిణుక్కుమని వెలిగి ఆరిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది శకుంతలకి.

వంటింట్లో నిరుపమ గొంతు తగ్గించింది. “అమ్మా, నాన్నకి ఏమవుతోంది? మొన్న పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయారు. ఇప్పుడిది. రేపు కూడా ఇలాగే ఉంటే జీపీకి, అదే మన ఫ్యామిలీ డాక్టరుకి చూపించి మెమరీ టెస్ట్ చేయిద్దాం.”

మెదడుకి పరీక్ష అంటే ఆ మనిషి కుప్పకూలిపోతాడు, అనుకుంది శకుంతల. ఆ పరీక్షలో ఏం తేలుతుందోనన్న భయం అంతకన్నా పెద్దది.

మర్నాడు కూతురూ అల్లుడూ ఆఫీసుకి వెళ్ళాక జనార్ధనరావు వాకింగ్‌కి బయల్దేరాడు. “స్టేషన్ దాకా వెళ్ళొస్తా. ఇప్పట్లో రాను,” అన్నాడు. గుమ్మం దాటుతూ మళ్ళీ అన్నాడు, “ఇప్పట్లో రానే.” చెప్పిందే చెప్పడం కూడా మొదలైంది, అనుకుంది శకుంతల దిగులుగా.

గరాజ్ తలుపు తెరిచే ఉంది. తాళం సంగతీ మర్చిపోయాడన్నమాట. ఆమె మోటారు ఆపేసి, బ్యాటరీ తానే నింపుదామని సైకిల్ ఎక్కింది. సీటు సరిగ్గా అందింది. మొదటి చుట్టుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగబట్టి తొక్కింది. ఒళ్ళంతా చెమట పట్టినా బ్యాటరీ మీటరు ముల్లు చీమలా కదిలింది. ఈ లెక్కన కెటిల్‌లో నీళ్ళు కాగాలంటే వీధి వీధంతా వచ్చి తొక్కాలి, అనుకుంది.

ఆ రాత్రి భోజనాలయ్యేదాకా బల్బు వెలిగింది. జనార్ధనరావు మొహం అంతకన్నా వెలిగింది. రవికిరణ్ తల గోక్కున్నాడు. నిరుపమ జీపీ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత రోజూ అదే పని. ఆయన ఆశకి మాత్రం అంతులేదు. “రేపట్నుంచి రెండు బల్బులు!” అన్నాడు. ఇంకొన్నాళ్ళకి, “నా ఫోన్ ఛార్జింగ్ కూడా దీంతోనే,” అన్నాడు. శకుంతల మనసులో తిట్టుకుంటూ ఇంకాసేపు, ఇంకాసేపు తొక్కింది. ఒక్కోరోజు మధ్యలో ఆగి, ఎన్నాళ్ళని దాచగలనని కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తొక్కేది.

ఒక సాయంత్రం రవికిరణ్ బాత్రూములో లైటు ఆర్పకుండా వచ్చాడు.

“కరెంటు ఊరికే వస్తోందనుకుంటున్నారా!” గయ్యిమంది శకుంతల.

“ఊరికే వస్తోందనేగా మామయ్య అంటున్నది అత్తయ్యా?”

జనార్ధనరావు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

శనివారం అమృత వచ్చి మోకాలు వంచి చూసింది. ఇంకా వంచింది. “ఆంటీ! ఇంత బాగా వంగుతోందే! ఇక ఆస్పత్రి బెంగ అక్కర్లేదు. ఏం చేశారు?”

“ఏదో... ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతున్నానమ్మా,” అంది శకుంతల. నిజం చెబితే ఆయన పరువు ఏం కాను?

టీ పెడదామని లేచి వంటింట్లోకి నడిచింది. చేతికర్ర సోఫా దగ్గరే ఉండిపోయిందని గమనించలేదు. కప్పులు తీస్తుంటే హాల్లో అమృతతో మాట్లాడుతున్న భర్త గొంతు వినిపించింది. నెమ్మదిగా, ఒకప్పుడు క్లాసులో పాఠం చెప్పినంత స్పష్టంగా.

“ఇంకా ఎన్నాళ్ళు తొక్కించమంటావమ్మా?”