మూడు అక్షరాల పచ్చబొట్టు

మొదటి దుకాణంలో సూది పొట్లం ముందే విప్పి ఉంది. రెండోదాంట్లో వయసెంతని కూడా అడగలేదు. రెండుచోట్లా చొల్పొన్ తన ఆడపడుచుని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"వదినా, పచ్చబొట్టు నాకా, నీకా? కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావు."

"పక్కింటి పిల్ల చవగ్గా వస్తుందని పొడిపించుకుంది. కామెర్లొచ్చి మూడు నెలలు మంచం దిగలేదు. నడువు, తెల్లపిల్లా."

పిల్ల పేరు బెగిమాయ్. కిర్గిజ్ ఇళ్లలో కోడలు ఆడపడుచుని పేరుపెట్టి పిలవకూడదు. అందుకని చొల్పొన్ నోట పదిహేడేళ్లుగా తెల్లపిల్లే.

ఆదివారం అమ్మకి, అంటే చొల్పొన్ అత్తగారికి, అరవై ఐదు నిండుతాయి. వేసవంతా ఆవిడ కొండమీద గుర్రాల దగ్గరే ఉంటుంది. ఆ రోజుకి ఇంటిల్లిపాదీ కొండెక్కుతారు. అప్పటికి బెగిమాయ్ మణికట్టు మీద 'అమ్మ' అన్న మాట ఉండాలి. కిర్గిజ్ రాతలో మూడే అక్షరాలు. తిడితే తిట్టనీ, తర్వాత ముద్దు పెట్టుకుంటుందని పిల్ల ధీమా.

మూడో దుకాణం బిష్కెక్ పెద్ద బజారు వెనక ఉంది. దుకాణందారు అజమత్ సూది పొట్లం వాళ్ల ముందే చింపాడు. చేతి తొడుగులు మార్చాడు. మానిపోయిన పచ్చబొట్ల ఫొటోలు చూపించాడు. చొల్పొన్‌కి వంక దొరకలేదు. అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేదు, సంచి ఒళ్లోంచి దించలేదు.

"రాత్రి నిద్రపోయావా? ఏమైనా తిన్నావా?" అజమత్ పిల్లని అడిగాడు.

"మా వదిన రెండు పళ్లేల లాగ్మన్ కుక్కింది. ఇప్పుడు గుచ్చితే నెత్తురు రాదు, నూడుల్స్ వస్తాయి."

నవ్విన అజమత్ ముంజేతి మీద ఒక ముసలావిడ ముఖం కనిపించింది. ఎవరని అడిగింది చొల్పొన్.

"మా అమ్మ. అంటే, మా నాన్నని కన్నావిడ. తొలిచూలు బిడ్డని నాయనమ్మే తన బిడ్డగా పెంచుకుంటుందిగా మనలో. కన్నామెని ఇప్పటికీ పేరుతోనే పిలుస్తాను."

"ఆమె బాధపడదా?"

"ఏమో అక్కా. ఎప్పుడూ అడగలేదు."

"ఈ రంగు ఎక్కణ్ణించి తెప్పిస్తావు?" అంది చొల్పొన్ వెంటనే.

అజమత్ రంగు సీసా చూపించి, ఒక కాగితం తెచ్చాడు. "పద్దెనిమిది నిండలేదుగా. ఇక్కడ అమ్మ సంతకం పెట్టాలి. జనన పత్రంలో తల్లిగా ఎవరి పేరుందో ఆవిడే పెట్టాలి. లేకపోతే నేను సూది ముట్టుకోను."

బెగిమాయ్ ముఖం వాడిపోయింది. "అమ్మ కొండమీద ఉంది. అక్కడ ఫోన్ పలకదు. వదినా, ఆ రెండో దుకాణానికే పోదాం. అతనేమీ అడగడు."

"అక్కడికి మాత్రం వద్దు."

"నువ్వు రాకపోతే నేనే పోతాను."

పిల్ల అప్పుడే చెప్పులు తొడుక్కుంటోంది. పొమ్మన్నా భయమే, ఆపినా భయమే.

"కూర్చో," అంది చొల్పొన్.

సంచి అడుగునుంచి, మెట్టినింట ఇన్నేళ్లూ ఎవరి కంటా పడనివ్వని బెగిమాయ్ జనన పత్రం తీసి అజమత్ ముందు పరిచి, తల్లి సంతకం అన్నచోట తన పేరు రాసింది.