అడుగు పలక

హుస్సేన్‌సాగర్‌లో నీళ్లు బాగా తగ్గాయి. తెరచాప పడవల కాపలాదారు సాలమన్ పంజాగుట్ట నుంచి రాత్రి డ్యూటీకొచ్చి ఒడ్డున ఒంటరిగా నిలబడ్డాడు.

నీళ్లు తక్కువైతే పడవ కింద నీళ్లలోకి దిగి ఉండే అడుగు పలకను పైకి లాగాలి, లేకపోతే బురదలో దిగబడుతుంది. కూతురు కరుణశ్రీ ఎప్పుడూ మరిచిపోయేది. నిరుడు వేసవిలో అట్లా దిగబడ్డ పడవను నెట్టబోయి ఆ బురదలోనే పోయింది. ఆ పడవను సాలమన్ తన చేతులతోనే నరికి కాల్చేశాడు.

అయినా నోరు ఊరుకోదు. రోజూ అడిగినట్టే చీకట్లోకి అడిగాడు.

"పలక గుంజినవా, బిడ్డా?"

దూరంగా నీళ్ల మీద తడి పలక పైకి జరిగిన చప్పుడు.

"గుంజిన డాడీ. జర లైటు వెయ్యి, ఒడ్డు కానొస్తలేదు."

సాలమన్ టార్చి మీద వేలు పెట్టాడు. వేస్తే అక్కడ ఎవరూ ఉండరేమోనని, వెయ్యలేక అట్లాగే నిలబడ్డాడు.