రెండు గుండెల ఫొటోలు

"గ్రీజు గట్టిగనే పూస్తున్నరు సార్. మా బావను బస్సనుకున్నరా ఏంది?" అన్నాడు గట్టయ్య.

డాక్టర్ యోహాను నవ్వలేదు. వీరస్వామి ఛాతీ మీద మెషిన్ బిళ్ల ఆనించాడు. ఇనుప పట్టాల్లో పగుళ్లు వెతికే మెషిన్ అది. లోపలికి శబ్దం పంపి, అది తిరిగొచ్చి తెర మీద పడే గీతలతో గుండె గోడ మందం కొలవొచ్చని 1968లో ఆ యూనివర్సిటీ మొత్తంలో నమ్మింది ఆయనొక్కడే.

వీరస్వామి యూనివర్సిటీ బస్సు డ్రైవరు. మెడికల్ పరీక్షలో గుండె చప్పుడు తేడాగా ఉందన్నారు. ఇక్కడ జబ్బని తేలితే స్టీరింగు వదిలేయాల్సిందే.

పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషినొకణ్ణి తెమ్మన్నాడు డాక్టరు. అందుకే బామ్మర్ది గట్టయ్య తార్నాక నుంచి నడిచొచ్చాడు. దారిలో నాలుగుచోట్ల కూర్చుని, కాళ్లను పట్టేస్తున్న కొత్త చెప్పుల్ని తిట్టుకున్నాడు. ఇప్పుడు తనూ చొక్కా విప్పి పడుకున్నాడు.

ఆ గీతలకు తీసిన ఇద్దరి ఫొటోలూ కడిగి, పేర్ల చీటీలతో సహా క్లిప్పులకు తగిలించి, డాక్టరు చాయ్‌కి వెళ్లాడు. వీరస్వామి వరండాలో కిటికీ పక్క బెంచీ మీద కూలబడ్డాడు.

లోపల గట్టయ్య అటూ ఇటూ చూసి చీటీలు తారుమారు చేశాడు. బయటికొచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

"నా చొక్కా లోపల్నే ఉన్నది," అంటూ వీరస్వామి వెళ్లి తెచ్చుకున్నాడు.

డాక్టరు వచ్చి ఫొటోలు చాలాసేపు చూశాడు.

"వీరస్వామీ, నీకేం లేదు. బస్సు నడుపుకో. గట్టయ్యా, నీ గుండె గోడ రెండింతలున్నది. కండలో ఏదో పేరుకుంటున్నట్టుంది. అమిలాయిడ్ అనే చెడ్డ ప్రోటీన్ కావచ్చు. రేపే ఆసుపత్రిలో చేరు."

"నా పెండ్లాం ఈరమ్మకు ఎవరు దిక్కు సారూ," అని గట్టయ్య తల పట్టుకుని శోకాలు తీశాడు.

తార్నాక ఇరానీ హోటల్లో చెప్పులు విప్పి కూర్చున్నాక అతనికి నవ్వు ఆగలేదు.

"యాక్టింగ్ ఎట్లున్నది బావా? చీటీలు మార్చింది నేనే. నీ నౌకరీ పక్కా. నాకు రాసే మందులన్ని నువ్వు మింగు, అయిపాయె."

వీరస్వామి చాయ్ ముట్టలేదు. బామ్మర్ది వాచిన పాదాల మీద లోతుగా దిగిన చెప్పు పట్టీల గుర్తులనే చూస్తున్నాడు.

"ఎంత లేదన్నా బస్సుల అరవై మంది పిల్లలుంటరని, చొక్కా కోసం పోయినప్పుడు ఆ చీటీలు మళ్ల ఎక్కడియక్కడ పెట్టిన గట్టయ్యా."