పంటి గాట్లు

“కొసంతా పంటి గాట్లేనమ్మా. సగం ధర కూడా రాదు,” అన్నాడు పాత సామాన్లు కొనే కొట్టాయన, పొగాకు పైపును లైటు కింద తిప్పుతూ.

“చాలా ఖరీదైంది బాబూ.”

“ఖరీదైంది కాబట్టే ఇంత కొరికినా విరగలేదు.”

“డాక్టరు వద్దన్నాక మా ఆయన పొగాకే ముట్టలేదు. పోయేదాకా ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. అంత డబ్బు తగలేసింది ఉత్త షోకుకే.”

“ఊరికే పెట్టుకుంటే గాట్లు ఇంత లోతుగా పడవమ్మా. పళ్లు బిగబట్టి కొరకాలి.”

ఆమె వేలు ఒక గాటు మీద ఆగిపోయింది. చివరి రోజుల్లో, నొప్పిగా ఉందా అని అడిగినప్పుడల్లా ఆయన పైపు నోట్లో పెట్టుకుని, లేదన్నట్టు తల అడ్డంగా ఊపేవారు.

“అరగదీస్తే పోతాయమ్మా. మంచి ధర వస్తుంది.”

“వద్దు,” అంటూ ఆమె పైపును రెండు చేతుల్లోకి తీసుకుంది. “మంచిదే కొన్నారు.”